ఇంట్లో రాసే పరీక్ష

"ఇంట్లోనే కూర్చుని రాసే పరీక్ష ఉండగా ఊళ్ళు పట్టుకుని తిరగడం ఎందుకు?" అన్నాడు భర్త. అన్నాడు అనేకంటే తీర్పు చెప్పాడు అనాలి. ఆ ప్రశ్నకు జవాబు వచ్చేలోపే అతని వేలు ఫోన్‌లో సగం పని కానిచ్చేసింది. ఆమె అప్పుడు సింకు దగ్గర లంచ్ డబ్బాలు తోముతోంది. మూత అంచు గాడిలో చేరిన జిడ్డు స్పాంజికి లొంగదు, పాత టూత్‌బ్రష్ పట్టి గీకాలి. మోచేతుల దాకా నురగ ఉన్న మనిషిని సలహా అడిగితే ఏం చెబుతుంది? వంగిన నడుంతోనే "కొంచెం ఆగండి, చూసి చెప్తా" అంది. ఆగడం అతని ఒంట్లో లేదు. ఈ ఇంట్లో పెద్ద విషయాలన్నీ ఆమె చేతులు తడిగా ఉన్నప్పుడే తేలిపోతాయి. ఏదో అలా కుదురుతోందిలే అని మొదట్లో అనుకునేది, ఇప్పుడు అలా అనుకోవడం మానేసింది.

సంగతేమిటంటే, పై చదువుకు విదేశంలో ఒక విశ్వవిద్యాలయం ఆమెకు సీటిచ్చింది. ఇంగ్లీషు వచ్చునని రుజువు చూపిస్తేనే ఆ సీటు ఖాయం. ఏ పరీక్ష రాసినా సరే, గడువులోగా మార్కులు మాత్రం అందాలి అన్నారు. వచ్చిన చిక్కల్లా పరీక్షలు మూడు రకాలు ఉండటం. వాటి పేర్లన్నీ పొడి అక్షరాలు, అత్తగారికి నోరు తిరగదు. అందుకని ఆవిడే వాటికి పేర్లు పెట్టేసింది. ఎదురుగా ఒకరు కూర్చుని మాట్లాడించేది మనిషి పరీక్ష. అది రాయాలంటే రైలెక్కి వేరే నగరానికి వెళ్ళాలి. హాలు నిండా జనం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అందరూ ఒకేసారి కంప్యూటర్లకు కథలు చెప్పుకునేది పెట్టె పరీక్ష. సొంత గదిలో, సొంత ల్యాప్‌టాప్ ముందు, కెమెరా కాపలాలో రాసేది ఇంటి పరీక్ష. పేర్లు పెట్టడంలో అత్తగారి తెలివికి వంక పెట్టలేం.

ఆమెకు మాత్రం మనసంతా మనిషి పరీక్ష మీదే ఉంది. దానికి కారణం ఆమె చేసే ఉద్యోగం. చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తుంది. చప్పుడు చొరబడకుండా గోడలకు మెత్తలు కట్టిన చిన్న గది, దానికో గాజు కిటికీ. లోపల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రోగులు, బయట మిషను ముందు ఈమె. వినబడితే చెయ్యెత్తండి అని చెప్పి మీట నొక్కుతుంది. వినబడకపోయినా పరువు కోసం చెయ్యెత్తే పెద్దమనుషులు ఉంటారు, కొడుకు తిడతాడేమోనని ఎత్తే ముసలమ్మలు ఉంటారు. చెయ్యి అబద్ధమాడినా ముఖం ఆడదు, ఆమె ముఖం చూసి పట్టేస్తుంది. ఎదురుగా ముఖం అంటూ ఉంటే ఆమెకు మాట అదే వస్తుంది. ఇవన్నీ డాక్టరుకు పట్టవు. ఆమె రాసిన రిపోర్టు కింద సంతకం గిలికి 'నేను చూశాను' అంటాడు. ఆమెను 'మిషన్ అమ్మాయి' అంటాడు. రిసెప్షన్ పిల్ల రాని రోజు ఫోన్లెత్తేదీ ఈమే, డాక్టరు స్నేహితులొస్తే టీ తెప్పించేదీ ఈమే. మిషనుకైనా ఏడాదికోసారి సర్వీసింగ్ చేయిస్తారు.

ఆ పై చదువు సంగతి ఎవరూ చెప్పింది కాదు, ఆమే వెతుక్కుంది. పుట్టిన పసివాళ్ళకు చెవి వినబడుతోందో లేదో మాటలు రాకముందే కనిపెట్టడం మీద కోర్సు అది. మూడేళ్ళు వచ్చాక 'మావాడికి ఇంకా మాట రాలేదండీ' అంటూ తల్లులు ఎత్తుకొచ్చినప్పుడల్లా ఆమె పుట్టిన తేదీ అడిగి, పోయిన నెలలు లెక్కపెట్టేది. ముందే తెలిసి ఉంటే ఆ పిల్లలకు అన్ని రోజులు నిశ్శబ్దంలో పోయేవి కావు. ఆ మాటే ఉత్తరంలో రాసింది. అక్కడి ప్రొఫెసరమ్మ చదివి, వీడియోలో మాట్లాడి, రమ్మంది. సీటొచ్చిన సంగతి ఇంట్లో చెప్పిన రోజు భర్త నవ్వాడు. ఈ వయసులో పలకా బలపమా అన్నాడు. ఉన్న ఉద్యోగంతోనే ఇంటి పని సాగడం లేదు, ఇప్పుడు చదువొకటా అంది అత్తగారు. సరే అనుకుని ఆమె నోరు మూసుకుంది కానీ ఆశ చంపుకోలేదు.

తర్వాతెప్పుడో అతని స్నేహితుడెవరో చెప్పాడట, చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళతో పాటు భర్త కూడా వెళ్ళొచ్చు, అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు అని. ఇంకేం, ఆ పూట నుంచి 'నీ పిచ్చి' కాస్తా 'మన ప్లాన్' అయిపోయింది. వారం తిరక్కుండా అత్తగారు చుట్టాలకు ఫోన్లు చేసి, "మావాడు విదేశం వెళ్తున్నాడమ్మా, కోడల్ని కూడా తీసుకెళ్తున్నాడు" అని చెప్పడం మొదలుపెట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు చూశారా, అది ఇదే. పక్కగదిలో ఇస్త్రీ చేస్తూ ఆమె ఆ మాట వింది, కాలర్ మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంచేసింది. చొక్కా మాడింది. దానికీ మాటలు పడింది.

ఇంగ్లీషు విషయంలో అతనికి తిరుగులేదని అతని నమ్మకం. మందులమ్మే కంపెనీలో పదిమందిని ఆడించే ఉద్యోగం, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. ఆమె నోరు తెరిస్తే చాలు, మధ్యలో అందుకుంటాడు. ఒకసారి అతని ఆఫీసు వాళ్ళు భోజనానికి వచ్చినప్పుడు ఆమె తన పని గురించి ఎవరికో చెబుతుంటే, మొదటి వాక్యం ముగియక ముందే "మా ఆవిడ చెప్పాలనుకుంటున్నది ఏమిటంటే" అని మిగతాదంతా అతనే చెప్పేశాడు. అతను చెప్పింది తప్పు కూడా. ఆమె నవ్వు ముఖంతో కూర గిన్నె పట్టుకుని నిలబడింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే మంట. పరీక్షకు సాధన చేయిస్తానని అతను రెండు సాయంత్రాలు కూర్చున్నాడు. ఆ రెండు సాయంత్రాల్లో ఆమె ఒక్క జవాబూ చివరిదాకా చెప్పలేదు. తర్వాత నుంచి మధ్యాహ్నం భోజనం వేళ, డాక్టరు ఇంటికెళ్ళాక, ఆ మెత్తల గోడల గదిలో తలుపేసుకుని తనకు తనే ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకునేది. అక్కడ ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడేది.

మనిషి పరీక్ష రాస్తాను అని డబ్బాలు తుడిచి పెట్టాక ఆమె మళ్ళీ అంది. రైల్లో ఒక్కదానివే ఎలా వెళ్తావు అన్నాడు. అంత దూరం వెళ్తే ఇల్లెవరు చూస్తారు అంది అత్తగారు. దేశాలు దాటి చదువుకోమంటున్నవాళ్ళు పక్క నగరానికి వెళ్ళనివ్వరేమిటి అని అడగాల్సింది. నాలిక చివరి దాకా వచ్చింది. ఆలోగా అతను బుక్ చేసేశాడు. పైగా, "ఇంటి పరీక్ష అయితే నీకు భయం ఉండదు, నేను పక్కనే ఉంటాగా" అని భుజం తట్టాడు. మేలు చేసిన ముఖం అతనిది. ఆ ముఖం మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంటి పరీక్షకు నియమాలు ఉన్నాయి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. తలుపు మూసి ఉండాలి. పరీక్ష అయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, ఇంకో గొంతు వినబడకూడదు. ఆ నియమాలు చదువుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో తలుపేసుకుని, ఎవరూ పిలవకుండా, ఆమె కూర్చున్న గంట ఒక్కటైనా ఉందా? స్నానాల గదిలో ఉన్నా "గ్యాస్ కట్టేశావా?" అని కేక వస్తుంది. పడకగది తలుపుకు గడియ విరిగి ఎన్నాళ్ళో అయింది. బాగు చేయించమంటే, మనింట్లో మనకు గడియలెందుకు అన్నాడు. మాట వినడానికి బాగానే ఉంటుంది.

ఆదివారం పెట్టుకున్నారు. తెల్లారగట్ల లేచి రెండు పూటలకూ వంట చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, అత్తగారి మాత్రలు గ్లాసు పక్కన ఉంచి, ఫ్లాస్కులో టీ పోసి, బట్టలు ఆరేసి, అప్పుడు కూర్చుంది పరీక్షకు. అత్తగారి గురించే ఆమె బెంగంతా. నిజం చెప్పాలంటే ఆవిడే మాట నిలబెట్టుకుంది. టీవీ కట్టేసి, ఫోన్ దిండు కింద దాచేసి, దగ్గొస్తే చెంగు నోట్లో కుక్కుకుని, హాల్లో కుర్చీలో కూర్చుంది. కోడలి పరీక్ష అంటే ఆవిడకు అర్థం కాకపోయినా, పరీక్ష అంటే అర్థమవుతుంది.

వినడం, చదవడం, రాయడం సజావుగానే అయ్యాయి. చివర్లో మాట్లాడటం. ముఖం లేని తెర మీద ప్రశ్న వచ్చింది. మీరు ఈ వృత్తిలోకి రావడానికి కారణమైన వ్యక్తి గురించి చెప్పండి. ఆమె ఒక్క క్షణం తడబడింది, ఆ తర్వాత పెద్దమ్మ గుర్తొచ్చింది. అమ్మకు అక్క. చిన్నప్పుడే చెవులు పోయాయి. ఇంట్లో అందరూ ఆవిడ ముందే ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్ళు, పక్కన బల్ల ఉన్నట్టు. నవ్వులాట జరుగుతుంటే ఆవిడ కూడా నవ్వేది, ఎందుకో తెలియకుండానే. ఆ తర్వాత ఈ పిల్లను పక్కకు లాగి, ఏమన్నారే అని పెదాలతో అడిగేది. ఈమె చెప్పేది. ఒక్కొక్క మాటా విడదీసి, ముఖానికి ముఖం పెట్టి చెప్పేది. అదంతా ఇంగ్లీషులో వస్తోంది. మెత్తల గదిలో వచ్చినట్టే వస్తోంది, తప్పులున్నా వస్తోంది, వెతుక్కోకుండా వస్తోంది. పెద్దమ్మ ముఖమే ఎదురుగా ఉన్నట్టనిపించింది.

తలుపు కిర్రుమంది.

"నా గురించి చెప్పు," అని గుసగుస.

ఆమె ఆగలేదు. తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. పెద్దమ్మకు మొదటిసారి చెవి మిషను పెట్టిన రోజు గురించి చెబుతోంది.

"మై హజ్బెండ్ అను. హజ్బెండ్ ఎంకరేజ్ చేశాడని చెప్పు," ఈసారి గుసగుస కాదు. మందుల కంపెనీ గొంతు. తలుపు సందులోంచి తల కూడా లోపలికి వచ్చింది.

తెర తెల్లబడింది. గదిలో మరొకరు ఉన్నారు, మరొక గొంతు వినబడింది, పరీక్ష ఆపేశాం అని అక్షరాలు వచ్చాయి. సాయంత్రానికి మెయిల్ వచ్చింది. బయటి సాయం తీసుకున్నట్టు తేలింది కాబట్టి మార్కులు ఇవ్వరట. ఈ ఏడాది ఆమె మళ్ళీ ఆ పరీక్ష రాయడానికి కూడా వీల్లేదట. సాయం! ఆ పదం దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. పెళ్ళైన దగ్గర్నుంచి అతను చేసిన సాయాల్లో ఇదొక్కటే ఎవరో పరాయివాళ్ళ కంట పడింది.

భర్త మొదట బిత్తరపోయాడు. తర్వాత, ఒక్క మాటకే ఆపేస్తారా అని పరీక్ష పెట్టినవాళ్ళను తిట్టాడు. తర్వాత, నువ్వు అంత నత్తనడకగా చెబుతుంటే చూడలేక వచ్చాను అన్నాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. ఎవరో చెవిటి పెద్దమ్మ పేరు చెప్పావు, ఇంత చేస్తున్న నేను గుర్తు రాలేదా అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా. ఆ నీళ్ళు చూసి అలవాటుగా ఆమె చెయ్యి సగం లేచింది, ఓదార్చడానికి. లేచిన చేతిని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. ఎవరు ఎవర్ని ఓదార్చాలి? సీటు పోయేది ఎవరికి? ఆమెకు ఒళ్ళంతా మంటగా ఉంది, ఏడుపు మాత్రం రాలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు మర్నాడు పడింది. అతని అక్క ఫోన్ చేసింది, పరీక్ష ఎలా రాసిందని. ఆమె పక్కనే బట్టలు మడతపెడుతోంది. అతను ఆమె వంక చూడకుండా, "ఏముందక్కా, బెదిరిపోయింది పాపం. మాట్లాడేది వచ్చేసరికి ఆగిపోయింది. నేనెంత ధైర్యం చెప్పినా..." అన్నాడు. అబద్ధం ఆడేటప్పుడు గొంతు ఎంత మెత్తగా పెట్టాడో! అవతలి నుంచి జాలి మాటలు స్పీకర్లో బయటికి వినబడ్డాయి. పిల్లది పల్లెటూరి బడిలో చదివింది కదా, నువ్వే ఓపిగ్గా నేర్పించు తమ్ముడూ. ఆమె చేతిలో అతని బనీను ఉంది. అది మడతపెట్టలేదు, అలాగే మంచం మీద వదిలేసి లేచింది.

వంటింట్లోకి వెళితే వెనకే అత్తగారు వచ్చింది. ఆవిడ హాల్లో కూర్చుని అంతా విన్నదే కదా, నిన్నటి కేకా, ఇవాళ్టి ఫోనూ. ఏదైనా అంటుందేమోనని, ఒక్క మాట, కనీసం కొడుకు అబద్ధమాడాడన్న మాట, ఆమె ఎదురుచూసింది. ఆవిడ గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. ఎవరి పుట్టినరోజైనా కొవ్వొత్తి వాడే ఊదాలి," అని ముద్దుగా నవ్వింది. తాగిన గ్లాసు సింకులో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ గ్లాసు ముందు నిలబడే ఆమె మనిషి పరీక్ష బుక్ చేసింది. తన జీతం కార్డుతో, తన ఫోన్‌లో, చేతులు పొడిగా ఉండగా. గడువుకు ముందు దొరికింది ఆ ఒక్క తేదీయే. రైలు టికెట్టూ తీసింది, ఒక్కటే. హాల్లోకి వచ్చి చెప్పింది. చెప్పింది అంతే, అడగలేదు. భర్త, సరే నేనూ సెలవు పెట్టి వస్తాను, బయట కూర్చుంటాను, అలవాటు లేని ఊరు అన్నాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఉంటుంది అనేదే, పెద్దవాళ్ళు ఉన్నారని ఊరుకుంది.

"వద్దు," అంది.

"వద్దంటే? నీకు తోడు..."

"వద్దండీ. ఈసారి తలుపు కూడా వాళ్ళదే, గడియ ఉంటుంది."

అత్తగారు ముఖం ముడుచుకుంది. ఆ రోజుకు వంటెలా అంది. ఆమె జవాబివ్వలేదు. జవాబివ్వని ప్రశ్న ఆ ఇంట్లో కొత్త.

పరీక్ష గది చిన్నది. ఒక బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. పరీక్షాధికారి ఆమె కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది, జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. ఆ ముక్కు చూసి ఆమెకు సగం భయం పోయింది. తలుపు మూసుకుంది. ఆవిడ ఒక చీటీ ఇచ్చి, దీని మీద మాట్లాడండి, నేను మధ్యలో ఏమీ అనను అంది. అన్నట్టే ఏమీ అనలేదు. ఆమె చెప్పేది చెప్పి, చివరి వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టినట్టు ఆగింది. ఇన్నేళ్ళలో ఒక మాట మొదలుపెట్టి చివరిదాకా తనే వెళ్ళడం ఇదే మొదటిసారేమో అనిపించింది.

తర్వాత మామూలు ప్రశ్నలు. ఏం చదవబోతున్నారు, ఎందుకు, అక్కడ వాతావరణం గురించి ఏమైనా తెలుసా. చివరికి ఆవిడ ముక్కు తుడుచుకుంటూ, కొత్త దేశంలో మీతో ఎవరుంటారు అని అడిగింది. చాలా చిన్న ప్రశ్న. దీనికి జవాబు ఇంట్లో అందరికీ తెలుసు, చుట్టాలకు తెలుసు, ఫోన్లలో మారుమోగింది. ఆమె నోరు తెరిచింది, ఆ జవాబు రాలేదు. వేరేది వచ్చింది. అది నోటి నుంచి బయటికొచ్చాక తనే విన్నది, విని ఉలిక్కిపడింది, వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఎదుటి ముఖం వంక చూసింది. ఆవిడ తలూపి కాగితం మీద ఏదో రాసుకుంది.

బయటికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మెట్ల దగ్గర జనాన్ని తప్పుకుని గోడ పక్కకు వెళ్ళి ఎత్తింది. ఎలా రాశావని అతను అడగలేదు.

"ఏం అడిగారు?"

"అక్కడ నాతో ఎవరుంటారని అడిగారు."

"ఏం చెప్పావు?"

"ఎవరూ ఉండరు, ఒక్కదాన్నే వెళ్తున్నాను అన్నాను."

అవతల అతను నవ్వాడు. "పర్లేదులే. పరీక్షలో ఏదో ఒకటి చెప్పాలి. వాళ్ళు చూసేది నీ ఇంగ్లీషు, అది నిజమా అబద్ధమా అని కాదు," అన్నాడు, ఇంకా ఏదో అనబోయాడు.

"ఆగండి, నన్ను పూర్తి చేయనివ్వండి," అంది ఆమె. "నేను నిజమే చెప్పాను."